గురువారం కూత

మా బావ గొంతు బావకంటే నాకే బాగా వచ్చు. కాస్త బొంగురుగా ఎత్తుకుని, రెండు మాటల మధ్య ఒక పొడిదగ్గు వేసి, చివరి మాటని గాలిలో వదిలేసేవాడు. ఆ దగ్గు పట్టుకోవడానికే నాకు ఏడాది పట్టింది. అది పట్టుబడ్డాక ఇంక నన్ను పట్టేవాడు లేడు. బావ అచ్చాఫీసులో ఫోను మోగితే ఆ గొంతుతో నేనే తీసి, సాయంత్రానికి ఇచ్చేస్తామండీ అని మాటిచ్చేసేవాణ్ణి. సాయంత్రం ఆ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే బావ నావైపు ఒక్క చూపు చూసి, చొక్కా చేతులు మడుచుకుని మిషన్ దగ్గరికి నడిచేవాడు. ఒకసారి తలుపు చాటునుంచి ఆ గొంతుతో అక్కని మంచినీళ్ళు అడిగాను. తెచ్చిచ్చింది. గ్లాసు అందుకున్న చెయ్యి నాదని చూసి ఆ నీళ్ళు నా నెత్తిమీదే పోసింది.

బావ పోయాక అక్క నన్ను కోరింది ఒక్కటే, ఇంక ఆ గొంతు తియ్యొద్దని. సరేనన్నాను. నా బతుకులో నేను నిలబెట్టుకున్న మొదటి మాట అదే.

నేను కంపోజిటర్ని. చెక్కగళ్ళలోంచి సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసలో పేర్చి, పేజీ కట్టి మిషన్‌కి ఇవ్వడం నా పని. బావ దగ్గర ముప్ఫై ఏళ్ళు చేశాను. బడిలో నాలుగో తరగతి దాటలేదు గానీ పేర్చిన సీసాన్ని తలకిందులుగా ఎంత వేగంగానైనా చదువుతాను. తిన్నగా ఇస్తేనే తడబడతాను. మా పనిలో ఒక పద్ధతుంది: అక్షరం చూడాలి, అర్థం చూడకూడదు. అర్థంలోకి దిగితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే తప్పు పడుతుంది. అందుకే వందల పుస్తకాలు నా చేతిమీదుగా వెళ్ళాయి, ఒక్కదాంట్లోనూ ఏముందో నాకు తెలీదు. మా వీధివాళ్ళు నా అల్లరి భరించలేక నామీదే ఒక ఫిర్యాదు కరపత్రం అచ్చు వేయించుకుంటే, దాన్ని కూడా నేనే పేర్చాను. పంచిపెట్టాక ఎవరో చెబితే తెలిసింది.

బావ పోవడానికి రెండేళ్ళ ముందే అచ్చాఫీసు మూతపడింది. సీసమంతా తూకానికి పోయింది. చేతిలో పనిలేని బావ కాగితాలు ముందేసుకుని రాయడం మొదలుపెట్టాడు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ రాతలు అచ్చు వేశాను, ఒక్కటి నాది వేసుకుంటాను, అది మీ అక్కకోసం అన్నాడు. అక్క తొంగి చూడబోతే కాగితాలు మూసేసేవాడు. అచ్చు వేసి ఇస్తానే, అప్పుడు చదువుకో అనేవాడు. నిజానికి దాచక్కర్లేదు. బావ చేతిరాత అచ్చంగా కోడి గీకినట్టు ఉండేది. దాన్ని చదవగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే, వాడు నేనే.

అరవై ఒక్క కాగితాలు రాశాక ఒక మంగళవారం పొద్దున్న, పడక్కుర్చీలో కూర్చుని ఉండగానే పోయాడు.

ఆ తరవాత ఏడో నెలలో అక్క కళ్ళు మసకబారడం మొదలుపెట్టాయి. చూపు నడిమధ్యలో ఒక మచ్చ. ఎటు చూస్తే అటే వెళ్ళి కూర్చుంటుంది. మనిషిని చూడాలంటే తల పక్కకి తిప్పి, చెవిని చూస్తున్నట్టు చూడాలి. కంటి డాక్టరు పరీక్ష చేసి, ఇది తగ్గేది కాదు, నాలుగైదు నెలల్లో మచ్చ పెద్దదైపోతుంది, ఈలోపు బొటనవేలంత అక్షరాలైతే చదవగలరు అన్నాడు. ఇంటికొచ్చి అక్క బావ కాగితాల కట్ట నా ఒళ్ళో పెట్టింది.

"చూపు పోయేలోగా ఇది నేను చదవాలి. ఎలా చేస్తావో నాకు తెలీదురా," అంది.

నేను చదివి వినిపిస్తానన్నాను. ఒక పేజీ మొదలుపెట్టాను కూడా. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఉంది, ఆపెయ్యి అంది. ఆయన నాకోసం రాసింది నా కళ్ళతో నేను చదువుకోవాలి గానీ నీ నోటితో వద్దు అంది. పోనీ పెద్దక్షరాలతో రాసిద్దామంటే, నా చేతిరాత బావ రాతకి తమ్ముడు. సీసంతో బతికినవాడికి కలంతో పనేముంటుంది.

మిగిలింది బావ కొనుక్కున్న కంప్యూటరు. ఇళ్ళల్లో పెట్టుకునే కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. మీటలున్న ఒక పలక, దాన్ని టీవీకి తగిలించాలి, పక్కనే సూదులతో చుక్కలు పొడిచి అచ్చువేసే చిన్న మిషన్ ఒకటి. ఆ పలకకి సొంత బుర్ర లేదు. ఏ పని చెయ్యాలన్నా ఆ పని తాలూకు ప్రోగ్రాముని ముందు క్యాసెట్టులోంచి వినిపించాలి. కట్టేస్తే అంతా మర్చిపోతుంది, మళ్ళీ వినిపించాలి. దీన్ని కొన్నప్పుడు నేను బావతో, నాలాంటివాణ్ణే ఇంకొకణ్ణి తెచ్చుకున్నావు, వీడు అన్నం కూడా తినడు అన్నాను.

మన అక్షరాలు పేర్చి పేజీ కట్టే ప్రోగ్రాము కోసం బావ చివరి రోజుల్లో తిరగని చోటు లేదు. దుకాణంలో ఒకటుందని వెళ్ళి, ధర విని, చెప్పులేసుకుని వచ్చేశాడు. పోవడానికి కొద్ది రోజుల ముందు మాత్రం మొహం వెలిగిపోతూ, ఊరికే ఇచ్చేది ఒకటి దొరికిందిరా అన్నాడు. ఎక్కడ అంటే, గాల్లో అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వి, ఇంకేం చెప్పలేదు.

ఆ ప్రోగ్రాము ఎక్కడుందో అక్కకి తెలీదు, నాకూ తెలీదు. బల్ల సొరుగులో నలభై మూడు క్యాసెట్లున్నాయి. అన్నిటిమీదా కోడిగీతలే. అక్క పక్కన కూర్చుంటే నేను ఒక్కొక్కటే చదివి చెప్పాను. పాటలు, లెక్కలు చేసే ప్రోగ్రాము, బంతాట. ఒకదానిమీద ఒకే ఒక్క మాట ఉంది: గురువారం.

మర్నాడు మధ్యాహ్నం అక్క వెనకగదిలో నడుం వాల్చినప్పుడు దాన్ని కంప్యూటరుకి వినిపించాను. టీవీలో రంగుగీతలు పరిగెత్తాయి. నాలుగో నిమిషంలో గీతలు ఆగిపోయి, తప్పు అని ఒక మాట పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. ఒకేచోట తప్పు పడుతోందంటే అక్కడేదో ఉంది. తీగె ఊడపీకి, టేపుని నా చెవులతోనే వింటూ కూర్చున్నాను.

మొదట రేడియోలో మాట్లాడే ఒకావిడ గొంతు వచ్చింది. ఇది అక్షరాలు పేర్చి పేజీ కట్టే ప్రోగ్రాము, రాసిన మనిషి ఊరికే ఇచ్చారు, మీరూ ఎవరికైనా ఊరికే ఇవ్వండి, అమ్ముకోవద్దు, ఇప్పుడు టేపురికార్డర్లు సిద్ధం చేసుకోండి అని చెప్పింది. వెంటనే కూత. ఇనపరేకు మీద మేకుతో గీస్తున్నట్టు, మధ్యలో వెయ్యి కీచురాళ్ళు అరుస్తున్నట్టు. గాల్లో దొరికిందంటే ఇదా అనుకున్నాను. రేడియోవాళ్ళు ప్రోగ్రాముని కూతగా పంపిస్తున్నారు, రికార్డు చేసుకున్నవాడికి చేసుకున్నంత.

నాలుగో నిమిషంలో ఆ కూత వెనకాల ఎవరో మూడుసార్లు తట్టారు. తట్టి, గుహలోంచి వచ్చినట్టున్న గొంతుతో, చాలా నెమ్మదిగా అన్నారు.

"నే... ను... వచ్చా... ను."

పట్టపగలు నా వీపుమీద వెంట్రుకలు లేచాయి. లేచి కిటికీ చూశాను, తలుపు చూశాను. ఎవరూ లేరు. ఆ గొంతు ఎక్కడో విన్నాననిపించింది. ఎక్కడో ఏమిటి, అది నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం నేనొచ్చేసరికి ఈ గది తలుపులు బిగించి ఉన్నాయి. కిటికీ సందులోంచి చూస్తే బావ చేతులు కట్టుకుని, కీచుమని అరుస్తున్న రేడియో ముందు, కచేరీ వింటున్నవాడిలా కూర్చున్నాడు. రేడియోకి ఎదురుగా మైకు. గోడగడియారం కూడా తీసి ఎక్కడో పెట్టినట్టున్నాడు, మేకు ఒక్కటే ఉంది. అలాంటి దృశ్యం చూసి ఊరుకుంటే నేను నేనెలా అవుతాను. పెరట్లో బోర్లించి ఉన్న గిన్నె తెచ్చి మూతికి అడ్డం పెట్టుకుని, కిటికీ తట్టి దయ్యంలా పలికాను. బావ ఉలిక్కిపడి రేడియో కట్టేశాడు. నవ్వుకుంటూ వచ్చి తలుపు తీశాడు. లోపలికి రారా, టీ తాగుదువుగాని అన్నాడు. అంతే. ఒక్క మాట కూడా అనలేదు.

ఇక్కడ టేపులో కూత ఆగింది. లోపలినుంచి అక్క గొంతు లీలగా వచ్చింది, "అయిందా? అయితే లేచి రండి." తరవాత ఆ పొడిదగ్గు. తరవాత బావ తనలో తను అనుకుంటున్నట్టు, మైకు పక్కనే అన్నాడు.

"పాడుచేశాడు వెధవ. వచ్చే గురువారం మళ్ళీ వెయ్యమని అడగాలి."

టక్కుమని మీట నొక్కిన చప్పుడు. ఆ తరవాత టేపు ఖాళీగా తిరుగుతోంది.

ఆ మనిషి దగ్గర ఇంకో గురువారం లేదు.

తల ఎత్తేసరికి గుమ్మంలో అక్క ఉంది. మొహం పక్కకి తిప్పి నన్ను చూస్తోంది.

"మాటిచ్చావు," అంది.

నేను కాదన్నాను, టేపులో ఉందన్నాను, తిరుగుతున్న చక్రాలు చూపించాను. నీ ఆటల్లో ఎప్పుడూ ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది అంది. మంచంకింద రేడియో పెట్టి ఇల్లంతా పరిగెత్తించిన రోజు గుర్తుచేసింది. అరిచుంటే బాగుండేది, అరవలేదు. పోయిన మనిషి గొంతుతో ఆడుకున్నాక నీకూ నాకూ ఏం మిగిలింది, ఇంటికి పో అంది.

ఒట్లు పనికిరావు, నా ఒట్లకి ఆ ఇంట్లో విలువ లేదు. టేపు వెనక్కి తిప్పి ఆమె వేలు తీసి మీట మీద పెట్టాను. నేను వీధిలోకి పోతాను, నువ్వు కిటికీలోంచి నన్ను చూస్తూ ఇది నొక్కు అన్నాను. అక్క కిటికీవైపు తల తిప్పింది.

"ఎదురింటి తెల్లగోడకి ఆనుకుని నించో. అక్కడైతేనే కనబడతావు," అంది.

వెళ్ళి నిలబడ్డాను. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను, ఆమెకి తెలిసేలా. ఎండ మాడ్చేస్తోంది. సైకిలుమీద పోతున్నవాడెవడో పళ్ళనొప్పా అని అడిగాడు. తలూపాను. కిటికీలో అక్క తల పక్కకి తిరిగి ఉంది. కూత సన్నగా వీధిలోకి వస్తోంది. నాలుగు నిమిషాలు అంత పొడుగుంటాయని అప్పుడే తెలిసింది. కూత ఆగింది. అక్క తల మెల్లగా కిందకి వంగింది. మళ్ళీ కూత మొదలైంది. నాలుగుసార్లు పెట్టుకుంది. నాలుగుసార్లూ నేను చేతులు తియ్యలేదు.

లోపలికి వెళితే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అందులో నేనూ ఉన్నానురా అంది. దయ్యం నేనేనని, అది పాడుచేసింది నేనేనని చెప్పాను. తెలుసు, ఆ పిచ్చిగొంతు ఇంకెవరిది అంది. మరి తెలిసి కూడా నాతో అనలేదేం బావ అన్నాను. అక్క టేపుని మళ్ళీ వెనక్కి తిప్పింది. ఆ రోజునుంచి ఇంట్లో ఎవరూ లేనప్పుడు కిటికీ చప్పుడైతే నేను తిరిగి చూడ్డం మానేశాను. అక్కడ గిన్నె పట్టుకుని నిలబడ్డ నన్ను నేనే చూస్తానేమోనని భయం.

రెండో రోజు రేడియో స్టేషనుకి వెళ్ళాను. టేపులో మాట్లాడినావిడ కళ్ళజోడు పెట్టుకుని, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ బల్లముందు కూర్చుని ఉంది. గురువారాలు కంప్యూటరువాళ్ళకోసం అరగంట నడిపేవారట, ఇప్పుడు ఆపేశారట. ఆ ప్రోగ్రాము అసలు టేపు ఏదమ్మా అంటే, టేపులు చాలక దానిమీద ఇంకేదో ఎక్కించేశామంది. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పోనీ ఎన్నిసార్లు వేశారమ్మా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

రెండుసార్లంది. మొదటిసారి వేశాక ఒక కార్డు వచ్చిందట, అందుకని మళ్ళీ వేశారట. ఆ కార్డు దాచుకున్నానంటూ సొరుగు లాగింది. దూరంనుంచే గుర్తుపట్టాను కోడిగీతల్ని.

ముగ్గురం కూర్చుని రెండు రోజులు చదివామండీ దీన్ని అంది నవ్వుతూ. ఇలా ఇవ్వండన్నాను. తిరగేసి పట్టుకుని గడగడా చదివేశాను. "అమ్మా, మీరు వేసిన ప్రోగ్రాము పట్టుకున్నాను. నాలుగో నిమిషంలో మా ఇంటి కోతి అరిచింది. దయచేసి వచ్చే గురువారం ఇంకొక్కసారి వెయ్యండి. ఆ పూట కోతిని కట్టేస్తాను."

మళ్ళీ వేసే ముందు ఈ కార్డు రేడియోలో చదివానండీ, ఊరంతా నవ్వారు అంది. ఇంతకీ కోతి బాగుందా అంది.

ఉందమ్మా అన్నాను.

ఆ రెండో గురువారం నాటికి బావ పోయి రెండు రోజులు. ఆ మధ్యాహ్నం నేను ఆ గదిలోనే ఉన్నాను. రేడియో బల్లమీదే ఉంది, కట్టేసి. ఆయన అడిగి తెప్పించుకున్న కూత మా ఇంటికప్పు మీదనుంచి, మా కిటికీలోంచి, మా మధ్యనుంచి వెళ్ళిపోయింది. పట్టేవాడు లేడు.

ప్రోగ్రాము అందినవాళ్ళు ఒక పేజీ అచ్చు వేసి పంపాలని రాసిన మనిషి కోరాడట, వేరే ఏమీ అడగలేదట. అలా రెండోసారి తరవాత పేజీ పంపింది ఒక్కరే, బస్టాండు వెనకవీధిలో గడియారాల మేస్త్రీ. చిరునామా కాగితమ్మీద రాసిచ్చింది.

మేస్త్రీ కంట్లో భూతద్దం బిగించుకుని ఒక చేతిగడియారం కడుపు కోస్తున్నాడు. నేను సంగతి చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. చెప్పడం అయ్యాక, భూతద్దం తియ్యకుండానే నన్ను ఎగాదిగా చూశాడు.

"కోతి మీరేనా?"

"నేనేనండీ."

"కట్టేశారా మరి?"

"ఇంకా లేదండీ. కట్టేవాడు పోయాడు."

అతను లేచి దుకాణం తలుపు వేశాడు. రెండు టేపురికార్డర్లకి మధ్య తీగె వేసి, ఇందులో గది చప్పుడు పడదు, అయినా మీరు ఊపిరి కూడా మెల్లగా తీసుకోండి అన్నాడు. గోడనిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నాయి. కాపీ అయ్యాక ఏమివ్వాలంటే, ఊరికే వచ్చింది, ఊరికే ఇవ్వాలిగా అన్నాడు. మీ పేజీ అచ్చయితే నాకూ ఒకటి చూపించండి అన్నాడు.

ఇంటికొచ్చి టేపు పెట్టాను. ముందుగా రేడియో ఆవిడ గొంతుతో బావ కార్డు. కోతిని కట్టేస్తాను అన్నచోట అక్క నవ్వింది, నవ్వి కళ్ళు తుడుచుకుంది. తరవాత కూత. నాలుగో నిమిషం వచ్చేసరికి నేను నా రెండు చేతులమీదా కూర్చున్నాను. మూడు తట్లు వినబడతాయేమోనని చెవులు వాటంతటవే కిటికీవైపు తిరిగాయి. వినబడలేదు. రంగుగీతలు ఆఖరిదాకా పరిగెత్తి ఆగిపోయాయి. టీవీలో తెల్లటి ఖాళీ పేజీ, మూలన మిణుకుమిణుకుమంటూ చిన్న గుర్తు.

మొదటి పేజీ అచ్చు వేస్తే పళ్ళూడిన నోరులా వచ్చింది. సీసంతో పేర్చేటప్పుడు ప్రతి వరసా కొలతకి సరిపోయేదాకా మాటల మధ్య ఖాళీలు కూరుతాం. నా వేళ్ళు అదే పని చేశాయి. ఆ ప్రోగ్రాము కూడా తనంతట తను అదే పని చేసింది. ఇద్దరు కంపోజిటర్లు ఒకే వరస మీద పడితే ఇంకెలా ఉంటుంది. రెండు రోజులు పట్టింది నా వేళ్ళకి నచ్చజెప్పడానికి.

అప్పట్నుంచి పొద్దున్నపూట నేను మీటలు కొట్టేవాణ్ణి, మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని అక్క చదువుకునేది. ఒక్కో కాగితమ్మీద ఐదారు వరసలే పట్టేవి. ఆ కంప్యూటరు ఒకసారికి నాలుగు పేజీలకంటే బుర్రలో పెట్టుకోలేదు. అచ్చు వెయ్యడం, తుడిచెయ్యడం, మళ్ళీ కొట్టడం. రిబ్బను వెలిసిపోతే రబ్బరుస్టాంపు సిరా పూశాను. అలవాటు ప్రకారం అక్షరమే చూశాను, అర్థం చూడలేదు. కాకపోతే ఒక్కటి. ఒకప్పుడు నాకు అర్థంకాని చోట బావ పక్కన నిలబడి చదివి చెప్పేవాడు. ఇప్పుడు కూడా కోడిగీత అర్థంకాక వేలు ఆగినచోట, భుజం వెనకాల ఆ మాట వినబడేది. తిరిగి చూస్తే పడక్కుర్చీ, దానిమీద అక్క ఉతికి మడతపెట్టిన బట్టలు.

ఒకరోజు అక్క ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఈ ముక్క నువ్వు కలిపావా అంది. ఏ ముక్క అన్నాను.

"పెళ్ళైన కొత్తలో నా చెప్పులు బావిగట్టు మీద దాచింది ఆయనేనట. నీమీద తోసేశాట్ట. ముప్ఫై ఏళ్ళు నిన్ను తిట్టాను కదరా."

నేను ఏం కొట్టానో నాకే తెలీదక్కా అన్నాను. అసలు కాగితం తెచ్చి చూపించాను, అది ఆమెకెలాగూ కనబడదు. తల పక్కకి తిప్పి నా చెవిని చాలాసేపు చూసింది. కాగితం మడిచి తీసుకెళ్ళిపోయింది. నమ్మిందని మర్నాడు తెలిసింది. నాకు రెండు గ్లాసుల టీ వచ్చింది.

నెలలు గడుస్తుంటే అక్షరాలు పెంచుతూ పోయాను. బొటనవేలంత, అగ్గిపెట్టెంత. చివరికి వరసకి నాలుగే అక్షరాలు. అరవయ్యో కాగితం అచ్చు వేసిన మధ్యాహ్నం అక్క దాన్ని పక్కకి పట్టుకుంది, పైకి ఎత్తింది, వెలుతురుకి అడ్డంపెట్టి చూసింది.

"ఇవాళ సిరా పుయ్యలేదేంరా?" అంది.

నా వేళ్ళకి సిరా ఇంకా నల్లగా అంటుకునే ఉంది. మర్చిపోయానక్కా అన్నాను. ఆమె కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో రాసింది. సూదులు పొడిచిన గరుకు తగిలినట్టుంది.

"పూశావులే," అంది.

మిగిలింది రెండు కాగితాలు. తరవాత నన్ను చదవమంది. అరవయ్యోది తీసి మొదలుపెట్టాను, నాకొచ్చినట్టే, రాళ్ళు ఏరుతున్నట్టు. రెండు వరసలకే చెయ్యెత్తి ఆపింది.

"ఇలా కాదు. ఆయన గొంతు తియ్యి."

మాటిచ్చానక్కా అన్నాను. నేనే విడిపిస్తున్నాను అంది.

మొదట రాలేదు. ఏడాది దాటింది వాడక. బొంగురు వచ్చింది గానీ బావ రాలేదు, వీధినాటకంలో ముసలాయన వచ్చాడు. సిగ్గేసింది. కాగితాన్ని తిరగేసి పట్టుకున్నాను, సీసం చదివే తీరులో. అప్పుడు నోరు దానంతటది కదిలింది. గొంతు ఎప్పుడు కుదురుకుందో నాకు తెలీదు. అరవయ్యోది అయిపోయింది, అరవై ఒకటో కాగితంలోకి వచ్చేశాను. చదువుతున్నది చెవికి ఎక్కుతోందని అప్పుడు గమనించాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి అర్థంలోకి దిగాను.

"గురువారం నాడు నీ తమ్ముడు కిటికీలో గిన్నె పెట్టుకుని దయ్యమై అరిచాడు. నా టేపు పాడైంది. చెబితే ఏడుస్తాడని చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నాకూ నీకూ ఈ ఇంట్లో నవ్వడానికి వాడే ఉన్నాడు. నేను లేనప్పుడు వాణ్ణి..."

అక్కడితో ఆగిపోయింది. ఆ తరవాత ఏమీ రాయలేదు బావ. మంగళవారం వచ్చేసింది కాబోలు.

కాగితం జారి కింద పడింది. ఏడుపు బయటికి వస్తే అక్క వింటుందని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను, గట్టిగా, పళ్ళు అరచేతిలో దిగేలా. ఆమెకి నేను కనబడను. కిటికీవైపు తిరిగి, ఇంకా ఉందేమోనని చెవి ఒగ్గి కూర్చుంది.

"అయిందా?" అంది.

గదిలో పొడిదగ్గు వినబడింది. రెండు మాటల మధ్య వేసే దగ్గు. అది పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది, నేను దాన్ని పొరబడను. నా చేతులు నా నోటిమీదే ఉన్నాయి.

అక్క మొహం తేటపడింది. కుర్చీ చేతులమీద ఆనుకుని లేచింది.

"అయితే లేచి రండి," అంది.